పేజీ వెనక మాటలు

నాకు నత్తి. అన్ని మాటలకీ రాదు. క, గ, బ లతో మొదలయ్యే మాటల దగ్గర మాత్రం గొంతు పట్టేస్తుంది. నా ఖర్మకొద్దీ నేను అద్దెకుండేది గుణదలలో. సూర్యారావుపేటలో ఆఫీసు అయ్యాక బస్సెక్కి, కండక్టరుకి ఆ పేరు చెప్పలేక, ఆ తర్వాత వచ్చే రామవరప్పాడుకి టిక్కెట్టు తీసుకునేదాన్ని. మొదట్లో గుణదల రాగానే చప్పుడు చెయ్యకుండా దిగిపోయేదాన్ని. ఒకరోజు కండక్టరు చూసి, "ఏమ్మా, రామవరప్పాడన్నావుగా?" అని అందరి ముందూ అడిగాడు. ఏం చెప్పాలో తెలియక మళ్ళీ సీట్లో కూర్చున్నాను. ఆ రోజు నుంచి రామవరప్పాడు దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి వెనక్కి నడిచి వచ్చేదాన్ని.

మాది బందరు పక్కన సముద్రపు ఒడ్డు ఊరు. ఇంటిల్లిపాదికీ చేపల వ్యాపారమే. పడవలు ఒడ్డుకి రాగానే వేలం పాట మొదలవుతుంది. గొంతున్నవాడిదే బేరం. మా నాన్న పాడితే కాలవ అవతలి గట్టుకి వినపడేదని చెప్పుకునేవారు. ఆ ఇంట్లో నేను నోరు తెరిచేసరికి ఎవరో ఒకరు నా మాట అందుకుని పూర్తి చేసేవారు. అది వాళ్ళ ప్రేమే. కానీ నేను చెప్పబోయింది ప్రతిసారీ ఇంకొకటి అయి ఉండేది. అమ్మ పోయింది. నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. డిగ్రీ ఎలాగో గట్టెక్కించి నేను బెజవాడ వచ్చేశాను. కంప్యూటరు ముందు కూర్చునేవాళ్ళకి ఎవరితోనూ మాట్లాడే పని ఉండదని ఎవరో అంటే, అదే నేర్చుకున్నాను.

ఆఫీసంటే మందుల షాపుల పైన మేడ మీద రెండు గదులు. శుభలేఖలు, కరపత్రాలు, కాలేజీ ప్రశ్నపత్రాలు కంపోజ్ చేసేవాళ్ళం. తొంభైల చివర్లో మా ఓనరు గారికి ఒక కొత్త పని వచ్చింది. రొయ్యల మేత అమ్మే వ్యాపారి ఒకాయన, చెరువుల పెంపకం మీద ఉన్న లావుపాటి తెలుగు పుస్తకాన్ని కంప్యూటర్లో చదువుకునేలా చేసిపెట్టమన్నాడు. ఆయన దుకాణాల్లో కౌంటరు మీద ఒక్కో కంప్యూటరు పెట్టిస్తాడట. మేతకొచ్చిన రైతు తన చెరువుకొచ్చిన ఇబ్బందికి అందులోనే మందు వెతుక్కుంటాడట.

"పేజీలు తిప్పడం కాదమ్మా, మాట మీద నొక్కితే ఆ సంగతి ఉన్న చోటికి ఎగిరిపోవాలి. ఇంటర్నెట్లో ఉన్నట్టు," అన్నారు ఓనరు గారు.

తెలుగు ఫాంటుకి తాళంలాంటి పరికరం ఒకటుండేది. అది తగిలించిన కంప్యూటర్లోనే ఫాంటు పనిచేసేది. ఆ కంప్యూటరు మాకు ఒక్కటే ఉంది. అందుకని పనిని రెండు షిఫ్టులు చేశారు. పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం దాకా నేను. రెండు దాటాక ఇంకొకాయన. ఆయన ముప్ఫై ఏళ్ళు ప్రెస్సుల్లో సీసం అక్షరాలు పేర్చిన కంపోజిటరు. ప్రెస్సులు మూతపడ్డాక యాభై దాటిన వయసులో కీబోర్డు నేర్చుకున్నారు. ముస్లిం. వన్‌టౌన్‌లో ఇల్లు. మధ్యాహ్నం నమాజు చేసుకుని గాని బయల్దేరరు. ఆయన మెట్లెక్కేసరికి నేను బస్సులో ఉండేదాన్ని. ఆయన గురించి నాకు తెలిసిందల్లా అంతే.

రెండో వారంలో ఒకరోజు పొద్దున కంప్యూటరు తెరిస్తే, జబ్బుల పేజీలో నేను పెట్టిన పదకొండు లింకులు లేవు. ఆ రోజుల్లో నాకు ప్రతి మాటకీ ఒక లింకు పెట్టాలనిపించేది. 'ఆక్సిజన్' అన్నా గీత, 'సున్నం' అన్నా గీత, 'నాచు' అన్నా గీత. ఏ మాట నుంచైనా ఇంకెక్కడికైనా పోవచ్చన్నదే నాకు అందులో నచ్చిన సంగతి. అవన్నీ మాయమై, పేజీ అడుగున బుద్ధిగా మూడే మూడు ఉన్నాయి: వెనకటి పేజీ, విషయసూచిక, తర్వాతి పేజీ.

కడుపు మండిపోయింది. ఓనరు గారితో చెప్పాలంటే 'కంపోజిటరు గారు' అన్న మాటతో మొదలుపెట్టాలి. అది నా వల్ల కాదు. పేజీ వెనక ఉండే కోడులో, చదివేవాళ్ళకి కనపడకుండా మన గుర్తు కోసం ఏదైనా రాసుకునే వీలుంటుంది. కామెంటు అంటారు. అక్కడ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశాను: "నా లింకులు ఎందుకు తీసేశారు? – ఉదయం షిఫ్టు."

మర్నాడు దాని కిందే జవాబుంది.

"నమస్కారమండీ. తీసినవి పారెయ్యలేదు, కోడు చివర దాచాను. ఒక పేరాలో పదకొండు మాటల కింద గీతలుంటే ఏది ముఖ్యమో చదివేవాడికి తెలియదు. పుస్తకానికి ఒక వరస ఉంటుంది. రాసినాయన ఆలోచించి పెట్టిన వరస. అది చెదిరిపోతే మనిషి దారి తప్పుతాడు. నాది తప్పయితే క్షమించండి. – సాయంత్రం షిఫ్టు."

నేను మూడు పేరాలు రాశాను. రొయ్య చచ్చిపోతుంటే మొదటి పేజీ నుంచి చదివే రైతు ఎవడూ ఉండడన్నాను. పుస్తకం కాగితం మీద ఉంది కాబట్టి దానికి వరస తప్పనిసరైందని, ఇక్కడ ఆ అవసరం లేదని వాదించాను. రాస్తూ ఉంటే ఎక్కడా ఆగాల్సిన పని లేకపోయింది. అంత పొడుగు మాట నేను ఎవరితోనూ అనలేదు అప్పటిదాకా.

ఆయన కూడా తగ్గలేదు. "పుస్తకం చదివేవాడు వేలు పెట్టి ఒక పేజీ పట్టుకుని ఇంకో పేజీ చూసుకుంటాడు. ఇందులో వేలు పెట్టే చోటేది?" అని అడిగారు. ఇంకోరోజు, "చాలా చోట్ల 'ఇక్కడ నొక్కండి' అని పెట్టారు. ఇక్కడ అంటే ఎక్కడికండీ? బస్సుకి ఊరి పేరు రాయకుండా 'ఎక్కండి' అని బోర్డు పెడితే ఎవరెక్కుతారు?" అన్నారు. ఆ మాటకి ఒక్కదాన్నే నవ్వాను. పక్క గదిలో శుభలేఖలు చేసే అమ్మాయి తొంగి చూసింది. 'ఇక్కడ నొక్కండి'లన్నీ ఆ పూటే మార్చేశాను.

మా ఇద్దరి మాటా కలిసింది ఒక్క సంగతిలోనే, ఓనరు గారి అభిరుచి నచ్చకపోవడంలో. ఆయనకి తెరకి ఎడమ పక్క నలభై వరసల జాబితా కావాలి, పైన ఎర్రటి అక్షరాలు ఆరుతూ వెలుగుతూ ఉండాలి. "అమ్మాయ్ గారూ, ఆ మిణుకుమిణుకులు చూస్తే పెళ్ళి పందిరి గుర్తొస్తోంది. మీరే ఏదో ఒకటి చెప్పి తీయించండి," అని రాశారు కంపోజిటరు గారు. అప్పటికి 'అమ్మాయ్ గారు' అయ్యాను. ఆయన నాకు 'మాస్టారు' అయ్యారు.

సగం పని అయ్యాక, వ్యాపారి ఒకసారి రైతుల చేత వాడించి చూద్దామన్నాడు. అప్పటికి మా వాదన ఎటూ తేలక, జబ్బుల పేజీలు నా పద్ధతిలో, మిగతావి ఆయన పద్ధతిలో ఉంచాం. కైకలూరు వైపు ఆయన దుకాణానికి కంప్యూటరు పట్టుకుని వెళ్ళాలి. మాస్టారికి ఆ రోజు ఒంట్లో బాగాలేదు. ఓనరు గారు నన్ను తీసుకెళ్ళారు. "నువ్వేం మాట్లాడక్కర్లేదమ్మా, పక్కన కూర్చో చాలు," అన్నారు. ఆయనకి నా సంగతి తెలుసు.

మేత బస్తాల మధ్య బల్ల వేసి కంప్యూటరు పెట్టాం. అరవై ఏళ్ళ రైతు ఒకాయన ముందుకొచ్చారు. లుంగీ, భుజాన తువ్వాలు. మౌసుని కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నారు. "తెల్లారేసరికి రొయ్యలన్నీ గట్టుకొచ్చేసి పైకి తేలుతున్నాయండీ. ఏం చెయ్యాలో చెప్పమనండి దీన్ని," అన్నారు.

ఆ పేజీ దొరికింది. మొదటి వాక్యంలోనే 'ఆక్సిజన్' కింద నా గీత. ఆయన దాని మీద నొక్కారు. ఆక్సిజన్ అంటే ఏమిటో వచ్చింది. అందులో 'నాచు' కింద గీత. నొక్కారు. నాచులో రకాలొచ్చాయి. అందులో 'సున్నం'. అది నొక్కితే సున్నం ఎలా నిలవ చెయ్యాలో వచ్చింది. ఆయన తెర వంక కాసేపు చూసి, నా వైపు తిరిగారు.

"అమ్మా, నన్నెక్కడికో తీసుకెళ్ళిపోయావు. ముందు నా చెరువు దగ్గరికి తీసుకురా తల్లీ."

పైన ఎడమ పక్క బ్యాక్ బటనుంది. అది నొక్కండి అని చెబితే చాలు. బ దగ్గర నా గొంతు పట్టేసింది. పెదాలు కలిసే ఉన్నాయి గాని మాట బయటికి రావడం లేదు. రైతులందరూ నా మొహమే చూస్తున్నారు. చెయ్యి చాపి చూపించాలన్న సంగతి కూడా తోచలేదు. చివరికి ఓనరు గారే వచ్చి నొక్కారు. ఆ పెద్దాయన తువ్వాలుతో మొహం తుడుచుకుని పక్కకి జరిగారు.

తర్వాత వచ్చిన కుర్ర రైతుకి మాస్టారి పేజీలు పడ్డాయి. 'తర్వాతి పేజీ' నొక్కుతూ పోయాడు. చెరువు తవ్వకం, గట్టు వాలు, రొయ్య పిల్ల ఎంపిక. "ఇంకెన్ని నొక్కాలండీ?" అని అడిగి, టీకి లేచి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు.

మర్నాడు జరిగిందంతా మాస్టారికి రాశాను. పెద్దాయన మాట ఉన్నదున్నట్టు రాశాను. చివర, ఎందుకు రాశానో తెలియదు, నాకు నత్తి అని, బ్యాక్ అన్న ఒక్క మాట చెప్పలేకపోయానని కూడా రాశాను. ఆ సంగతి నాకై నేను ఎవరికైనా చెప్పడం అదే మొదలు.

జవాబు ఇలా ఉంది: "మీరు అన్నదీ తప్పే, నేను అన్నదీ తప్పే అని తేలింది. మంచిదే. ఇప్పుడు పని మొదలుపెడదాం. నాకు ఎడమ చెవి వినపడదు, ప్రెస్సులో మిషను మోతకి పోయింది. కుడిది కూడా అంతంతమాత్రం. మీకు మాట రాదు, నాకు చెవి రాదు. ఇలా రాసుకోవడమే మనకి సుఖం."

తర్వాతి మూడు నెలలూ నేను ఏ రోజూ సెలవు పెట్టలేదు. ఇద్దరం కలిసి అంతా మళ్ళీ కట్టాం. మొదటి పేజీలో పుస్తకంలోని అధ్యాయాలు తీసేసి, రైతు కంటికి కనపడేవి పెట్టాం: రొయ్యలు గట్టుకి చేరాయి, మేత తినడం లేదు, ఒంటి మీద తెల్లమచ్చలున్నాయి, నీళ్ళ రంగు మారింది. దేని మీద నొక్కినా ముందు వెంటనే చెయ్యాల్సిన పని వస్తుంది. ఎందుకు అన్నది దాని కింద. పేరా మధ్యలో లింకులు వద్దన్నారు మాస్టారు, పేరా చివర పెడదామన్నాను నేను. రెండుకి మించకూడదని, ఎక్కడికి వెళుతుందో లింకే చెప్పాలని ఒప్పందానికొచ్చాం. ప్రతి పేజీ నెత్తిన 'మీరు వచ్చిన దారి' అని ఒక వరస పెట్టాలన్నది నా ఆలోచన. వేలు పెట్టే చోటు దొరికిందని ఆయన సంతోషించారు. మొదటి నుంచి చివరిదాకా చదువుకునేవాళ్ళ కోసం ఆయన వరస కూడా అలాగే ఉంచాం.

పని మాటల మధ్య వేరే మాటలు కూడా పడుతుండేవి. ఆయన భార్య పోయి రెండేళ్ళయిందట. ఒక్కడి కోసం అన్నం వండితే ఎప్పుడూ కొలత కుదరదని రాశారు. సాయంత్రం వేళ తెర మీద అక్షరాలు మసకగా కనపడుతున్నాయని రాశారు. నేను మా ఊరి వేలం పాట గురించి రాశాను, అమ్మ గురించి కొంచెం రాశాను. గుణదల కొండ మీద తిరునాళ్ళప్పుడు మా వీధంతా జనమైపోతే, తలుపేసుకుని లోపల కూర్చున్నానని రాశాను. "అంత జనంలో ఎవరూ పలకరించరు కదా, ధైర్యంగా వెళ్ళాల్సింది," అన్నారు.

ఒకరోజు, ఆయన్ని చూడాలనిపించింది. మధ్యాహ్నం పని అయ్యాక వెళ్ళకుండా మెట్ల మీద కూర్చున్నాను. ఏమనాలో ముందే అనుకున్నాను. 'నమస్కారం మాస్టారూ.' అందులో నన్ను ఇబ్బంది పెట్టే అక్షరం ఒక్కటి కూడా లేదు. రెండు దాటాక ఆయన వచ్చారు. సన్నటి మనిషి, తెల్ల లాల్చీ, చేతిలో టిఫిను క్యారేజీ. రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ తడుముకుంటూ ఎక్కుతున్నారు. నా ముందు ఆగారు.

"మందుల షాపుకా తల్లీ? షాపు కిందమ్మా," అన్నారు. ఎంత మెత్తటి గొంతో.

న కూడా రాలేదు. అంత సులువైన అక్షరం కూడా రాలేదు. ఆయన కాసేపు నిలబడి, నేను లేచి దారివ్వగానే పైకి వెళ్ళిపోయారు.

మర్నాడు కామెంటులో ఉంది: "నిన్న మెట్ల మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. మీరేనా?"

"కాదు," అని రాశాను.

ఆయన మళ్ళీ అడగలేదు. మా రాతలు మునుపటిలాగే సాగాయి, కానీ నాకు మాత్రం ఆ 'కాదు' అక్కడే ఉండిపోయింది. ఆ పేజీ తెరిచినప్పుడల్లా కనపడేది. తుడిచెయ్యడానికి ఎన్నోసార్లు కర్సరు అక్కడిదాకా తీసుకెళ్ళాను. తుడిస్తే ఇంకో అబద్ధమవుతుందనిపించేది.

పని పూర్తయి వ్యాపారికి సీడీ ఇచ్చాం. వారం తిరక్కుండానే ఓనరు గారు నన్ను పిలిచారు. వ్యాపారి దగ్గర కంప్యూటర్లు చూసేవాడొకడు కోడు తెరిచి చూశాడట. మా మాటలన్నీ కాగితాల మీద అచ్చు తీసి పంపాడు. ఓనరు గారు వాటిని బల్ల మీద పరిచి, చదువుతూ నవ్వారు. "'ఒక్కడి కోసం అన్నం వండితే కొలత కుదరదు.' ఏంటమ్మా ఇది? రొయ్యల పుస్తకమా, ఉత్తరాల పుస్తకమా?" పక్క గదిలోవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. ఆయన చెడ్డమనిషి కాదు. కోపం కూడా లేదు, నిజంగా ఆయనకి నవ్వొచ్చింది. నాకు మాత్రం మాస్టారిని నలుగురిలో నిలబెట్టి లాల్చీ లాగేసినట్టనిపించింది.

"అన్నీ తీసేసి సాయంత్రానికి కొత్త సీడీ ఇచ్చెయ్యమ్మా," అన్నారు.

నా వెనకే నిలబడ్డారు, ఒక్కో పేజీ తెరిచి ఒక్కో కామెంటూ తుడిచేదాకా. నూట ముప్ఫైకి పైగా పేజీలు. నకలు తీసుకుంటానని అడగొచ్చు. అడగలేదు. 'కాదు' కూడా పోయింది. ఆ అచ్చు కాగితాలు మర్నాటికి పక్క గదిలో శుభలేఖలు చుట్టడానికి వాడేశారు.

మాస్టారు ఆ తర్వాత పనిలోకి రాలేదు. కంటికి ఆపరేషనని తెలిసింది. పది రోజులు ఎదురుచూశాను. చివరికి ఓనరు గారి గదిలోకి వెళ్ళి, ఆయన ఇల్లెక్కడని అడిగాను. ఆ ప్రశ్న పూర్తవడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు, ఓనరు గారు మాత్రం కళ్ళు దించుకుని విన్నారు. వన్‌టౌన్ వించిపేటలో సందు పేరు, మసీదు గుర్తు ఒక చీటీ మీద రాసిచ్చారు.

ఆయన కూతురు తలుపు తీసింది. లోపల మంచం మీద మాస్టారు నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్నారు. నెల దాకా ఏమీ చదవకూడదన్నారట. నేను సంచీలో కాగితాలు, పెన్ను పెట్టుకుని వెళ్ళాను. అవి దేనికీ పనికిరావని గుమ్మంలోనే తెలిసిపోయింది.

"ఎవరమ్మా?" అన్నారు.

"ఉదయం షిఫ్టు," అన్నాను.

వినపడలేదు. కుడి పక్కకి వెళ్ళి మళ్ళీ అన్నాను, ఈసారి గట్టిగా. ఆయన రెండు చేతులూ ఎత్తి, "అరే, అమ్మాయ్ గారా!" అని ఇల్లంతా వినపడేలా నవ్వారు. కూతురు టీ పెట్టింది. నేను చెప్పాలనుకున్నవి చెప్పడానికి గంట పట్టింది. ఆగాను, తొట్రుపడ్డాను. ఆయనకి వినపడక మళ్ళీ చెప్పమంటే, మళ్ళీ మొదటి నుంచి అదే గుట్ట ఎక్కాను. ఒక్కసారి కూడా నా మాట ఆయన అందుకోలేదు. కామెంట్లు తుడిచేశానని చెప్పాను. ఓనరు గారు నవ్విన సంగతి చెప్పలేదు. తర్వాత మెట్ల మీద ఉన్నది నేనేనని చెప్పాను.

"తెలుసమ్మా," అన్నారు. "రోజూ పది వాక్యాలు రాసేదానివి. ఆ రోజు ఒక్క మాట రాశావు. ముప్ఫై ఏళ్ళు ప్రూఫులు చూసినవాణ్ణి, అంత చిన్న జవాబు చూసి ఆగనా?"

మరి మళ్ళీ ఎందుకడగలేదన్నాను.

"ఇంకో అబద్ధం చెప్పించడం దేనికని."

ఆ నెలలో ఇంకో మూడుసార్లు వెళ్ళాను. చివరిసారి వెళ్ళేసరికి సామాను కట్టి ఉంది. కూతురు ఆయన్ని తనతో బందరు తీసుకెళుతోంది. కన్ను అనుకున్నంత బాగా రాలేదు, ఇక అక్షరాల పని కుదరదన్నారు. చిరునామా రాసిచ్చారు. రెండు ఉత్తరాలు రాశాను. కూతురు చదివి వినిపించిందో లేదో గాని, ఒకదానికి ఆమె చేతిరాతతో నాలుగు వరసల జవాబొచ్చింది, నాన్న ఆశీస్సులు చెప్పమన్నారని. ఇంకొకరి నోటి మీదుగా మాట్లాడుకోవడం మాకు చేతకాలేదు. నేనే మానేశాను.

తర్వాత రెండు ఆఫీసులు మారాను. రెండువేల ఐదు, ఆరు వచ్చేసరికి పేజీలు చేత్తో రాసేవాళ్ళు తగ్గిపోయారు. సాఫ్టువేరే అచ్చు పోసినట్టు తయారుచేసేది. ఏ లింకు ఎక్కడుండాలన్నది ముందే నిర్ణయమైపోయి వచ్చేది. నేను పేరాకి రెండే లింకులు పెడతానని కొత్త ఆఫీసులో నాది చాదస్తమనేవారు. కొత్త పని చేతికొచ్చినప్పుడు ముందు కోడు తెరిచి, ఎవరైనా ఏదైనా రాశారేమోనని చూసేదాన్ని. ఉన్నవల్లా ఇంగ్లీషులో రెండు ముక్కలు: మెనూ మొదలు, మెనూ ముగింపు.

ఒకరోజు సాయంత్రం బీసెంట్ రోడ్డులో పాత ఓనరు గారు ఎదురయ్యారు. జుట్టంతా నెరిసిపోయింది. క్షేమసమాచారాలయ్యాక, "అన్నట్టు మన సాయంత్రం షిఫ్టాయన పోయాడమ్మా. నాలుగు నెలలైందిట. నీకు తెలుసనుకున్నాను," అన్నారు.

తెలియదని తల ఊపాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చి గుమ్మం మెట్టు మీదే కూర్చుండిపోయాను. పక్క వాటాలో ఉండే ఆవిడ దండెం మీద బట్టలు తీస్తూ నన్ను చూసి ఆగింది.

"ఏంటమ్మా అలా ఉన్నావు? ఎవరైనా పోయారా?"

"ఆఫీసులో ఒకాయన," అన్నాను.

"అయ్యో. బాగా తెలుసా?"

అవునని అందామనుకున్నాను. కానీ ఆవిడ తర్వాత అడగబోయే ప్రశ్నలు కనపడ్డాయి. ఏమవుతారు, ఎన్నాళ్ళు కలిసి పనిచేశారు, ఎలా ఉంటారు.

"నాలుగుసార్లు కలిశాను," అన్నాను.

"అంతేనా," అని ఆవిడ మిగతా బట్టలు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆరిన చీర కొంగు గుమ్మానికి తగులుకుంటే, వెనక్కి వచ్చి విడిపించుకుని, తలుపు దగ్గరగా వేసుకుంది.